మూత మీద లక్క

నేను రిటైరు కావడానికి రెండేళ్ల ముందు, మే నెలలో, కాల్వలకు నీళ్లు ఆపేసిన రోజుల్లో నన్ను కంకిపాడు దాటాక ఒక మురుగు కాల్వ పని దగ్గరికి పంపారు. మట్టిపని యంత్రాలు అద్దెకిచ్చే సంస్థలో నేను సర్వీస్ ఇన్‌చార్జిని. ఆఫీసు విజయవాడ గవర్నర్‌పేటలో ఉండేది. సంస్థ పేరు రాయను, రాస్తే నా కోపం ఇంకా పెరుగుతుంది. నీళ్లు వదిలేలోగా గట్టు సరిచేయాలి. ఆ పనికి పెట్టిన చైన్ డోజరు, అంటే టైర్లకు బదులు ఇనప చైన్ల మీద నడిచే డీజిల్ బండి, పొద్దున బాగా నడిచి మధ్యాహ్నం రెండు గంటలకల్లా మూలిగి ఆగిపోతోంది. అరగంట వదిలేస్తే మళ్లీ స్టార్టవుతోంది.

ఆపరేటరు ఏసుపాదం ఇరవై ఏళ్లుగా డోజర్ల మీదే పనిచేస్తున్న మనిషి. నేను జీపు దిగగానే చెప్పాడు.

“బండికి ఊపిరాడట్లేదు సార్. ట్యాంకు మూత ఒకసారి తీస్తే నడుస్తదండి.”

ఆ మాటలో సగం నేను విన్నాను, సగం నాతో జీపులో వచ్చిన మా ఆఫీసు మేనేజరు విన్నాడు. ఊపిరి అన్నాడు కదా అని నేను ఇంజనుకు గాలి అందించే ఎయిర్ క్లీనర్ విప్పి శుభ్రం చేశాను. మూత అన్న మాట పట్టుకుని మేనేజరు అతని మీద పడ్డాడు.

“మూత తియ్యాలా? తీసి ఎన్ని క్యాన్లు నింపుకుంటావ్?”

ఇంకో సైటులో ఎవరో డీజిల్ దొంగిలించారని ఈయన ఆ నెలలోనే ఒక ఆర్డరు వేశాడు. ప్రతి బండికీ పొద్దున సూపర్‌వైజరు డీజిల్ పోయించి, ట్యాంకు మూత చుట్టూ ప్లాస్టిక్ కవరు బిగించి, తీగ చుట్టి, పైన లక్క పోసి సీలు వేయాలి. మర్నాడు పొద్దున మళ్లీ సూపర్‌వైజరు వచ్చేదాకా ఆ మూత ఎవరూ ముట్టుకోకూడదు. ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది ఆ ఆర్డరు. నాకూ ఒక కాపీ వచ్చింది. చదివి సంతకం పెట్టి ఫైల్లో పెట్టుకున్నాను.

డీజిల్ అందని బండిని చూడటానికి మాకొక వరస ఉంది. ట్యాంకు కింది వాల్వు తెరిచి ఉందా, అడుగున నీళ్లు చేరాయా, ఫిల్టర్లు మూసుకుపోయాయా, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు పనిచేస్తోందా అని ఒక్కొక్కటే చూడాలి. చివర్న ఫిల్టరు పైన స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా గాలి తీయాలి. అన్నీ చేశాను. రెండు ఫిల్టర్లూ మార్చాను. బండి నడిచింది. నయమైందని నేను విజయవాడ వచ్చేశాను. మర్నాడు మళ్లీ ఆగింది, మళ్లీ వెళ్లి పైపులు విప్పి బిగించాను, మళ్లీ నడిచింది. నేను పైపు విప్పినప్పుడల్లా ట్యాంకులోకి కాస్త గాలి పోతోందనీ, బండి నడుస్తున్నది అందుకేననీ నా బుర్రకు తట్టలేదు.

ఆ సాయంత్రం మేనేజరు రిపోర్టు అడిగాడు. “యంత్రంలో లోపం లేదు” అని రాసి సంతకం పెట్టాను.

మర్నాడు పొద్దున్నే ఏసుపాదాన్ని పనిలోంచి తీసేశారు. యంత్రంలో లోపం లేకపోతే లోపం మనిషిలోనే ఉండాలి కదా! డీజిల్ దొంగతనానికి వీలుగా బండిని కావాలని ఆపుతున్నాడని కాగితం రాసి, దానికి నా రిపోర్టు జతచేశారు. డెల్టాలో మట్టిపని చేసేవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. దొంగ అన్న పేరు పడ్డవాడిని ఇంకెవరూ సీటెక్కించరు.

ఆ రోజు వేరే ఆపరేటరుతో నేనే దగ్గరుండి నడిపించాను. సరిగ్గా రెండు గంటలకు, అదే మూలుగుతో, బండి ఆగింది. ఈసారి ఫిల్టర్ల జోలికి పోకుండా ట్యాంకు దగ్గరి పైపు విప్పాను. ట్యాంకులో ఇంకా సగానికి పైగా డీజిల్ ఉంది, ధారగా పడాలి. పడలేదు. పైపే గటగటమని గాలి లోపలికి పీల్చుకుంది. అప్పుడు తలెత్తి చూశాను, మూత మీద ఎర్రటి లక్క.

ఆ మూతకు సన్నటి కన్నం ఉంటుంది. డీజిల్ తగ్గినకొద్దీ దాని చోటులోకి గాలి రావడానికి. నూనె డబ్బాకు ఒక్క కన్నమే పెడితే నూనె రాదని, రెండోది కూడా పెట్టాలని మా ఆవిడకు తెలుసు. ముప్పై ఏళ్ల సర్వీసున్న నాకు మూడు రోజులు పట్టింది. స్పానరుతో ఆ లక్కను బద్దలు కొట్టాను. మూత తిప్పగానే ఉస్సుమంది. గాలి తీశాక బండి సాయంత్రం దాకా ఆగలేదు.

విరిగిన లక్క తీసుకెళ్లి గవర్నర్‌పేట ఆఫీసులో మేనేజరు బల్ల మీద పడేశాను. ఏసుపాదం అక్కడే నిలబడి ఉన్నాడు, తన లైసెన్సు కాగితాల కోసం. మూతలోని గాలి కన్నాన్ని ఆ సీలే మూసేసిందనీ, ఏసుపాదం తప్పేమీ లేదనీ గట్టిగా చెప్పేశాను. మేనేజరు ఆ ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూసి, “సరేనండీ, సీలుకు చిన్న కన్నం పెట్టిద్దాం. ఏసుపాదం, రేపటి నుంచి డ్యూటీకి వచ్చెయ్” అన్నాడు. అంతే. కిటికీలో ఏసీ మోగుతూనే ఉంది.

“మూత తీశారు, సంతోషమండీ. దొంగ అన్న మాట కూడా వెనక్కి తీసుకుంటారాండీ?” అని అడిగాడు ఏసుపాదం.

మేనేజరు ఫోను తీసుకుని ఎవరికో కలిపాడు. ఏసుపాదం నా వైపు తిరిగాడు.

“ఆయనకి బండి సంగతి తెలవదు సార్. మీకు తెలుసు గదా. మూత తియ్యమని మీకే గదా చెప్పాను.”

కాగితాలు తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. మళ్లీ మా దగ్గరికి పనికి రాలేదు.

మేనేజరు మీద కోపం నాకు ఇప్పటికీ ఉంది. కానీ ఆయన జతచేసిన కాగితం మీద ఉన్నది నా సంతకం. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను రాసిన ప్రతి రిపోర్టులో మొదటి వాక్యం ఆపరేటరు చెప్పిన మాట, అతను చెప్పింది చెప్పినట్టుగా. నేను చూసింది దాని కిందే. “యంత్రంలో లోపం లేదు” అని మళ్లీ ఎక్కడా రాయలేదు. లోపం నాకు దొరకలేదు అని రాశాను.