గని నీళ్ళ సీసా

పాడేరు ఘాట్‌లో బస్సు ఇంజన్ వేడెక్కి ఆగిపోయింది. అందరం దిగి రోడ్డు పక్కన కూర్చున్నాం. నా పక్కనున్న గిరిజన ముసలావిడ ఎండిన ఆనపబుర్రలోంచి కాసిని నీళ్ళు అరచేతిలోకి వంచుకుని తాగి, ఆ తర్వాతే బుర్ర నాకందించింది.

"మాకాడ ఇచ్చినోలే ముందు తాగాల బాబూ," అంది. ఊట నీళ్ళు, చల్లగా ఉన్నాయి.

తర్వాత నా సంచిలోని సీసా చూసి, "అయ్యేటి నీళ్ళు?" అనడిగింది.

అప్పట్లో నేను బొగ్గు గనిలో నీళ్ళు శుద్ధి చేసే పనిలో ఉండేవాణ్ణి. గని నీళ్ళలో సల్ఫేటు ఎక్కువ. తాగితే చేదు, కడుపు చెడుతుంది. మందులు కలిపి ఆ సల్ఫేటును అడుక్కి దించేసి, పైన తేరిన నీటిని పక్క ఊరి కొళాయిలకు వదిలేవాళ్ళం. నలుగురికీ చూపించడానికి సీసాలో పట్టి తెచ్చుకున్నవి ఆ నీళ్ళే. అదంతా ఆమెకు గొప్పగా చెప్పాను.

"అయితే మంచి నీళ్ళే. ఓ గుక్క పొయ్యి బాబూ," అంటూ దోసిలి పట్టింది.

మూత తీశాను. ముందు నేను తాగాలి. ఆ నీళ్ళు నేనెప్పుడూ నోట్లో పోసుకోలేదు. మూత మళ్ళీ బిగించేశాను.

ఆమె దోసిలి దించుకుంది. నా నీళ్ళు నాకే చాలవనుకుందో ఏమో, బుర్రలోంచి మళ్ళీ కాసిని తను తాగి, మిగిలినవి నా చేతికిచ్చింది.