కొసరు మానిన హంపమ్మ

సత్యనారాయణపేట కాన్వెంటు గేటు దగ్గర హంపమ్మ ఉడికించిన చెనిక్కాయలు అమ్మేది. చిన్న డబ్బాతో కొలిచి పోశాక పైన పిడికెడు కొసరు వేసేది. ఆ పిడికిలి సామాన్యమైంది కాదు. రెండో తరగతి పిల్లాడొకడు ఆ కొసరు జేబులో పోసుకుంటే బరువుకు నిక్కరు మోకాళ్ళ దాకా జారిందట. ఇంకొకడు ఒలుచుకు తినడం పూర్తి చేసేసరికి మూడో తరగతికి వచ్చేశాడట. పిల్లలు ఆమె దగ్గరికి వచ్చేదే ఆ పిడికిలి కోసం.

తొమ్మిదో తరగతి హిమబిందుకు ఆ సంగతి పట్టలేదు. ఆ పిల్ల బడిలో 'న్యాయమైన కొనుగోలు' సంఘం పెట్టింది. పత్తి రైతుల గురించి, ఎక్కడో కోకో తోటల్లో కూలీల గురించి ఉపన్యాసాలిచ్చి, ఒకరోజు సంఘాన్నంతా వెంటబెట్టుకుని గేటు బయటికి వచ్చింది.

"అవ్వా, కొసరంటే నీ కష్టాన్ని దోచుకునేదే. ఇంక వెయ్యొద్దు."

"నా చెయ్యి, నా కాయలు. దోచేదెవరు పాపా?"

"మేమే! అందరం దొంగలమే!" అంటూ హిమబిందు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఇంత మంచి పిల్లను ఏడిపించడం ఇష్టం లేక హంపమ్మ సరేనంది. మర్నాడే బుట్ట పక్కన రంగుల బోర్డు లేచింది: 'శ్రమకు తగిన ధర. బేరం లేదు. కొసరు అడగరాదు.' ఇంటర్వెల్లో ఇద్దరు పిల్లలు కాపలా. హంపమ్మ చెయ్యి అలవాటు కొద్దీ బుట్టలోకి పోతే, "అవ్వా!" అని కేక.

చిన్నపిల్లలు బోర్డు చదువుకుని ఎదురుగా ఉన్న బేకరీకి నడిచారు. అక్కడ చిప్సు ప్యాకెట్లో బొమ్మ ఉత్తగా వస్తుంది. హంపమ్మ బుట్ట సాయంత్రానికీ నిండుగానే ఉండేది. ఉడికిన కాయలు మర్నాటికి జిగురు పడతాయి. అవన్నీ ఆవుల పాలయ్యేవి.

"కొసరు మిగిల్చి బిల్డింగు కడ్తాండావా, హంపమ్మక్కా?" అన్నాడు వాచ్‌మన్ మారెప్ప.

"కడ్తాండాలేప్పా. గేటు కాసే పని నీకే ఇస్తా."

బోర్డు తీసుకుపొమ్మని హిమబిందును బతిమాలుకుంది.

"కొంచెం ఓపిక పట్టవ్వా. శనివారం సంఘాల పోటీకి జడ్జీలు వస్తాండారు."

జడ్జీలు వచ్చారు. హంపమ్మతో ఫోటో దిగారు. కాయలు మాత్రం ఎవరూ కొనలేదు. సంఘానికి మొదటి బహుమతి వచ్చింది.

సోమవారం మారెప్ప ఆమెను బుట్ట దించనివ్వలేదు.

"ఇంక ఈడ కూర్చోవద్దంటక్కా. లోపల న్యాయమైన అంగడి పెడ్తాండారు. ముద్రేసిన ప్యాకెట్లే అమ్ముతారంట."

"నా కాయలు పెట్టుకోరా?"

"తడి కాయలు ప్యాకెట్లో నిలవవంట."

హిమబిందు పరుగెత్తుకొచ్చి గేటు ఊచలు పట్టుకుంది. "బడి పెద్ద మేడమ్‌ను అడిగినా అవ్వా, వినలే. మళ్ళీ అడుగుతా."

"వద్దులే పాపా. నిన్ను తిడతారు."

హంపమ్మ బస్టాండుకు పోయింది. అక్కడ జానెడు చోటు లేదు. జామపళ్ళ ఆమె తన గంప ఇంకాస్త ముందుకు జరిపి, "యాడిదానివే నువ్వు?" అంది. కాన్వెంటు గేటు దగ్గరిదాన్నని చెప్పబోయి హంపమ్మ ఊరుకుంది. బుట్ట దించకుండానే పక్క వీధిలోకి తిరిగింది. అక్కడా ఎవరో కూర్చునే ఉన్నారు.