పిలుపు కోసం కూర్చున్న అమ్మాయి

1979 సెప్టెంబరు చివర నన్ను హోసూరు నుంచి కృష్ణగిరిలోని ఒక కాలేజీకి అసిస్టెంట్ లైబ్రేరియన్‌గా వేశారు. నాకు డిగ్రీ లేదు. స్కూలు ఫైనలు తర్వాత చదివిందంతా గ్రంథాలయాల్లోనే. అందుకే రెఫరెన్స్ హాల్లో, అంటే పుస్తకాలు ఇంటికివ్వకుండా అక్కడే చదువుకునే గదిలో, ఉదయం నుంచి సాయంత్రం దాకా కదలకుండా చదివే అమ్మాయిని చూసి మొదటి రోజే మురిసిపోయాను.

మూడో రోజు అనుమానం వచ్చి పలకరించాను.

"ఏమమ్మా, నీకు క్లాసులు లేవా?"

"ఉండాయి సార్. సారు ఇంగా పిలవలేదు."

పేరు మునిరత్న. వేప్పనపల్లి పక్క పల్లె. బి.ఏ. మొదటి సంవత్సరం. జూలైలో చరిత్ర లెక్చరర్ ఏదో కోపంలో బయటికి పొమ్మన్నారట. వాళ్ళ స్కూల్లో బయటికి పంపిన సారే మళ్ళీ లోపలికి పిలవాలి. అంతదాకా ఏ సారు పాఠం చెబుతున్నా ఆ గదిలో అడుగు పెట్టకూడదు. ఇక్కడా అదే పద్ధతి అనుకుంది. రోజూ మొదటి బస్సుకు వచ్చి, పిలుపు కోసం లైబ్రరీలో కూర్చుంది.

జూలై నుంచి!

లెక్చరర్‌ను అడిగితే ఆయనా నిర్ఘాంతపోయారు. "నేను పొమ్మనింది ఆ గంటకే కదప్పా! ఆ పిల్ల చదువు మానేసిందనుకున్నా. మొదటి ఏడు ఎంతోమంది మానేస్తారు, ఎవురని వెతికేది?"

పరీక్షకు కూర్చోవాలంటే నాలుగింట మూడు వంతుల హాజరు ఉండాలి. కొంచెం తగ్గితే ప్రిన్సిపాల్ సిఫారసుతో విశ్వవిద్యాలయం మన్నిస్తుంది. మునిరత్నకు అంతకన్నా చాలా తగ్గింది. ఆ ఏడు పోయింది. మళ్ళీ చేరనిస్తారా, ఇంట్లో పంపిస్తారా అన్నదే మిగిలింది.

ప్రిన్సిపాల్ గదిలో వాళ్ళ నాన్న గొంతు పెంచలేదు. "ఒక గంటకేనని ఎవురన్నా చెప్పుంటే పోయుండును గదా సార్. నా బిడ్డ మొండిది కాదే," అన్నాడు. తర్వాత ఆయనే, "మళ్ళీ చేర్చుకోండి," అన్నాడు.

మరుసటి జూలైలో ప్రిన్సిపాల్ అనుమతితో కొత్త విద్యార్థులకు మొదటి రోజు ఒక గంట తీసుకున్నాను. బెల్లు, గదుల మార్పు, హాజరు లెక్క, బయటికి పంపితే మరుసటి గంటకు ఎవరూ పిలవకుండానే లోపలికి రావాలన్న సంగతి, అన్నీ చెప్పాను. వెనక బెంచీలో ఒకడు లేచాడు.

"సారుకు ఇంగా కోపముంటే?"

మళ్ళీ మొదటి సంవత్సరంలోనే చేరి ముందు బెంచీలో కూర్చున్న మునిరత్న వెనక్కి తిరిగింది. "ఉంటే ఉండనీప్పా, నువ్వు లోపలికి పో. బయట నిలబడితే ఎవురూ చూడరు."

ఆ గంటను రిటైరయ్యేదాకా ఏటా నడిపాను. కాలేజీలో అందరికీ తెలుసనుకుని మేము ఎన్నడూ చెప్పని సంగతులే కొత్తవాళ్ళకు ముందుగా చెప్పాల్సినవి. పాఠాలు ఆ తర్వాత మొదలుపెట్టినా నష్టం లేదు.