అమ్మని “అండీ” అన్న రోజు

మా చిన్నప్పుడు... నాకు నాలుగేళ్లుంటాయి, అమ్మ కువైట్ వెళ్లిన పూట నేను పక్కింట్లో జంతికలు తింటున్నాను.

చూస్తే ఏడుస్తానని అమ్మమ్మే నన్ను అక్కడికి పంపింది. తిరిగొచ్చేసరికి ముక్తేశ్వరంలోని మా ఇంట్లో అమ్మ లేదు. దండెం మీద ఆమె చీర ఇంకా తడిగానే ఉంది...

“అమ్మేది?” అన్నాను.

“అమలాపురం ఎళ్లిందమ్మా... వచ్చేత్తాదిలే” అంది అమ్మమ్మ.

సాయంత్రం బస్సు వేళకి వీధరుగు మీద కూర్చునేదాన్ని. ఎప్పుడు మానేశానో గుర్తులేదు.

నాన్న పోయాక ఇల్లు గడవక వెళ్లిందట. అక్కడ ఎవరింట్లోనో పిల్లల్ని చూసుకునే పని...

నేను మూడో తరగతిలో ఉండగా సెలవు మీద వచ్చింది. కారు దిగి చేతులు చాపింది. నేను అమ్మమ్మ వెనక్కి వెళ్లిపోయాను. కాసేపటికి, ఇంటికొచ్చిన చుట్టాలని అడిగినట్టే అడిగాను.

“మంచినీళ్లు తాగుతారాండీ?”

అందరూ పకపకా నవ్వారు. అమ్మ నవ్వలేదు.

“ఆయ్... ఇవ్వండి” అంది. ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేసింది.

మళ్లీ వెళ్లేటప్పుడు నాకు చెప్పే వెళ్లింది. నేను ఏడవలేదు. “ఎంత బుద్ధిమంతురాలండీ!” అని వీధంతా మెచ్చుకుంది. నాకు లోపల ఏమీ అనిపించలేదు... బుద్ధంటే అదే అనుకున్నాను.

పెళ్లయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. మా ఆయన ఉద్యోగం పని మీద తరచూ ఊళ్లు తిరుగుతారు. ఓసారి గుమ్మంలో ఆగి, “నేనెళ్తుంటే నీకేమీ అనిపించదా?” అని అడిగారు.

“జాగ్రత్తగా వెళ్లి రండి” అన్నాను.

ఇష్టం లేక కాదు... ఎవరైనా బయల్దేరుతుంటే చాలు, నా మనసు ముందుగానే తలుపేసుకుంటుంది.

ఇప్పుడు అమ్మ తిరిగొచ్చేసి మాతోనే ఉంటోంది. మొన్న నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే మా అమ్మాయి కొంగు పట్టుకుని ఒకటే ఏడుపు.

“దాన్ని దొడ్లోకి తీసుకెళ్తాను, నువ్వు కనపడకుండా...” అంటూ అమ్మ మధ్యలో ఆగిపోయింది. తర్వాత తనే పిల్లని ఎత్తుకుని గేటు దాకా వచ్చింది.

“దాన్ని ఏడవనీలే... అమ్మ ఎళ్తుంటే ఏడవాలి కదా” అంది. నా ముఖం వైపు మాత్రం చూడలేదు.

ఆటో ఎక్కాను. వీధి మలుపు దాకా పిల్ల ఏడుపు వినిపిస్తూనే ఉంది. నాకు కన్నీళ్లు రాలేదు. వస్తే బాగుండుననిపించింది... అలా అనిపించడం చాలా ఏళ్ల తర్వాత.

ఈ రోజుల్లో దూరాన ఉన్నవాళ్లు పొద్దున్న లేస్తే ఫోన్లో కనబడుతున్నారు. అప్పట్లో మాకు గొంతు వినడమే గగనం...

మీ ఇళ్లలో కూడా ఎవరైనా అలా వెళ్లి వచ్చారా? వచ్చాక మళ్లీ దగ్గరవడానికి మీకెన్నాళ్లు పట్టిందండీ?

మాకింకా పడుతూనే ఉంది...