తమ్ముడు కలిపి ఉంచిన నీళ్లు

మా చిన్నతమ్ముడు పోయాడని విరుదునగర్‌లో మా ఇంటికి ఫోన్ వచ్చినప్పుడు నేను దేవుడి ముందు వత్తి సరిచేస్తున్నాను. దీపం ముట్టించాకే చీర మార్చుకుని వాడి ఊరు కోవిల్‌పట్టికి బస్సెక్కాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మేస్త్రీ వాడు. సముద్రం లేని ఊళ్లో, గాజుతొట్టిలో నాలుగు సముద్రపు చేపల్ని పెంచాడు. వాటికి వారం వారం కొంత నీరు మార్చాలి. అందుకని ఫిల్టర్ నీళ్లలో ప్యాకెట్ ఉప్పు కలిపి, చిన్న మోటారుతో తిప్పి, మూత ఉన్న డ్రమ్ములో ముందే నిలవ చేసేవాడు. డ్రమ్ము లోపల నీటి మట్టానికి నల్లగీత గీసేవాడు.

"ఉప్పునీళ్లకి ఇంత మరియాద ఏమిరా? ఊరగాయ పెడతావా?" అన్నాను ఒకసారి.

"నవ్వు, పెద్దక్కా. మూత మాత్రం తెరిచిపెట్టొద్దు. నీళ్లు గీతకి తగ్గితే ఉత్తనీళ్లే పొయ్యి. ఆరిపోయేది నీళ్లే, ఉప్పు యాడికీ పోదు."

తొట్టిలో చెయ్యి పెట్టేముందు మోచేతుల దాకా కడుక్కునేవాడు, సబ్బు లేకుండా. "నీ పూజకన్నా నాదే ఎక్కువ సుద్దం" అనేవాడు.

శవం లేచాక ఇంట్లో నిలవున్న నీళ్లన్నీ పారబోయడం మా ఆచారం. మీలో చాలామంది ఇళ్లలోనూ ఉంటుంది. బిందెలు, కుండలు అయ్యాయి. పిన్నమ్మ బక్కెట్ పట్టుకుని ఆ డ్రమ్ము మూత తీసింది. మరదలు నావైపు చూసింది. ఆ నీళ్లు కలపడం వాడికొక్కడికే తెలుసు. అవి పోతే చేపలూ పోతాయి.

"అది వదిలెయ్, పిన్నమ్మా."

"తీట్టు నీళ్లు, మైల నీళ్లు గదమ్మా! ఆచారం ఆచారమని అందరినీ మందలించే నువ్వా చెప్పేది?"

"సముద్రం నీళ్లకి తీట్టేమి?"

"సరి పో. పాపం నీకే."

"నాకే ఉండనీ."

పదహారో రోజు కర్మ అయ్యాక చూస్తే డ్రమ్ములో నీళ్లు బొటనవేలంత తగ్గి ఉన్నాయి. గీతదాకా ఉత్తనీళ్లు పోసి మోటారు తిప్పాను. మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాను. తొట్టిలోంచి రెండు బక్కెట్లు తీసి, డ్రమ్ములోంచి రెండు బక్కెట్లు మెల్లగా పోశాం, నేనూ మరదలూ. చేపలు మేత తిన్నాయి.

ఉప్పు ప్యాకెట్ అటకమీద ఉంది. ఈ డ్రమ్ము నీళ్లు అయిపోతే నేనే వచ్చి, కొలత నేర్చుకుని కలపాలి.

మర్నాడు బస్సుకు బయలుదేరేముందు మూత తీసి చూశాను. రెండు బక్కెట్లు తీశాం కదా, నీళ్లు గీతకి జానెడు కిందున్నాయి. గీత మీద తెల్లగా ఉప్పు పట్టి ఉంది. తుడవలేదు. మూత పెట్టాను.