బర్నబాకు పట్టిన మర్యాద

డుంబ్రిగుడ సంతలో బర్నబా బజ్జీల పిండిలో కూర్చున్నాడు. కావాలని కాదు. సుజానా టీ బడ్డీ ముందు బల్ల ఖాళీగా ఉందనుకుని వెనక్కి చూడకుండా చతికిలబడ్డాడు. బల్ల మీద శనగపిండి కలిపిన బేసిను ఉంది. ఇస్త్రీ చేసిన తెల్ల ప్యాంటు వెనకంతా పచ్చబడింది. అతను లేచి, కారుతున్న పిండితోనే చేతులు జోడించి, "క్షమించండి సిస్టర్" అన్నాడు.

సుజానాకు వెగటు పుట్టింది. పోయిన పిండికి కాదు.

చిన్నప్పుడు ఇద్దరూ కలిసి మేకలు కాసిన వాళ్ళు. పెద్దయ్యాక కూడా సంత సంతకీ అతను వచ్చి "ఏటే బండముండా, బతికే ఉన్నావా?" అనడం, ఆమె "నిన్ను పాతిపెట్టకుండా ఎలా సస్తాన్రా ఎదవా" అని గ్లాసు నింపడం. ఆమె మొగుడు పోయిన రోజు ఊరంతా బైబిలు వాక్యాలు చెప్పి ఓదార్చింది. బర్నబా ఒక్కడే గుమ్మంలో కూలబడి, "దొంగెదవ, సెప్పకుండా పోయాడే" అని శవాన్ని తిట్టాడు. అప్పుడొచ్చింది ఆమెకు ఏడుపు.

అలాంటి మనిషి ఈమధ్య చర్చిలో సంఘపెద్ద అయ్యాడు. సంఘపెద్దన్నవాడి నోరు శుద్ధిగా ఉండాలన్నారట. అప్పట్నుంచి ఒకటే "బాగున్నారా సిస్టర్, వందనాలు సిస్టర్". అతని జుట్టు నుంచి కారే వాసన నూనె, నోట్లోంచి కారే ఈ జిడ్డు... వింటుంటే సుజానాకు సబ్బునురగ మింగినట్టుండేది.

అసహ్యం అడుగున భయమూ ఉంది. తన అన్న మోసెస్ పోడు భూమి పంపకాల్లో తగువుపడి వెళ్ళిపోయేటప్పుడు ఒక్క తిట్టూ తిట్టలేదు. "మీరు సల్లగుండండమ్మా" అన్నాడు. మళ్ళీ గడప తొక్కలేదు. ఇప్పుడు వీడూనా?

సరే, మర్యాదే కానీ అనుకుంది. తుడుచుకోమని గుడ్డ అందించింది.

"పర్లేదండీ బర్నబా గారూ. టీ తీసుకుంటారా? పంచదార ఎంత వెయ్యమంటారండీ?"

బర్నబా చేతిలో గుడ్డ ఆగిపోయింది. "అదేటి సిస్టర్, నా పంచదార నీకు తెల్దా?"

"మాకెలా తెలుస్తాది సార్? వచ్చేపోయేవోళ్ళు బోలెడుమంది."

అతని మొహం నల్లబడింది. నోటిదాకా వచ్చిన మాట మింగబోయాడు, ఆగలేదు.

"సారేటే, దిక్కుమాలిన ముండా! నానేటి బొర్రా గుహలకొచ్చిన టూరిస్టునా? నీ జిమ్మడిపోను, మూడు సెంచాలెయ్యి!"

"అమ్మయ్య, ఎదవకి నోరొచ్చింది! బేసినుడు పిండి ముడ్డికి రాసుకుని సిస్టరంటావేట్రా సచ్చినోడా! ఇంకోపాలి అన్నావంటే ఆ నూనెలో నిన్నే బజ్జీ ఏసేత్తాను!"

తిడుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుని చెంచా తీసింది.

ఎదురుగా కొత్తగా గాజుల కొట్టు పెట్టిన కొండ కింద ఊరావిడ వరలక్ష్మి టీ కోసమే వచ్చి నిలబడి ఉంది. ఆవిడ ముక్కు చిట్లించి, చెవుల మీదికి కొంగు లాక్కుంది.

"ఛీ ఛీ, ఏం నోళ్ళమ్మా ఇవి! రేపట్నుంచి నన్నూ ఇలాగే తిడతావా ఏంటి?"

సుజానా తలెత్తకుండానే అంది:

"మిమ్మల్ని తిట్టేంత సనువు రావాలంటే మీరింకా శానా ఏళ్ళు ఇక్కడ టీ తాగాల తల్లీ."