గంజాయికి పనికిరాని మేనత్త

మా మేనత్తకు నడుము చుట్టూ అక్కి లేచి మానింది కానీ, దాని మంట మానలేదు. పొక్కులు ఎండి, పెచ్చులు రాలి, చర్మం మామూలు రంగుకు వచ్చాక కూడా కుడి పక్కన చీర కొంగు తగిలితే చాలు, ఉలిక్కిపడేది. ఆ నొప్పి చర్మానిది కాదు, నరానిదని కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పుకుని బతికిన నాకూ తెలుసు. దాని వల్ల ఆమె పులిమేక ఆట మానేస్తుందని మాత్రం ఊహించలేదు.

గార్లదిన్నె దగ్గరి వాళ్ల ఊళ్లో, అత్త ఇంటి అరుగు బండ మీదే ఆ ఆట గీతలు చెక్కి ఉన్నాయి. పులులు ఎప్పుడూ ఎదురింటి అంగడి శెట్టివి, మేకలు మా అత్తవి. చింతగింజల మేకలను ఒక్కొక్కటే పేర్చి, గులకరాళ్ల పులులు కదలకుండా కట్టేయడంలో ఉన్న సుఖం ఆమెకు మరి దేనిలోనూ లేదు. ఇప్పుడు వంగి గింజ పెట్టబోతే పక్క భగ్గుమంటుంది. అరుగు ఖాళీ అయింది. శెట్టి బేరాలు చేస్తూ చేస్తూ ఆ బండ వైపు చూసేవాడు.

మందు కనిపెట్టినవాడూ ఆయనే. నరాల మంటకు ‘హెంప్’ నూనె మంచిదని ఫోనులో ఎవరో చెప్పగా విని, నిఘంటువు తీశాడు. అందులో జనుము అని ఉంది. జనుము విత్తనాలు ఎరువుల అంగట్లో దొరుకుతాయి కనుక ఒక సంచి తెప్పించాడు. అది గానుగకు వెళ్లే ముందు, మోతాదు తెలుసుకుందామని మా అత్త నాకు ఫోను చేయడం మా అందరి అదృష్టం.

“పాపా, జనుము నూనె పొద్దున తాగల్లనా, రాత్రి తాగల్లనా?”

“ఎవరు చెప్పినారు నీకు?”

“శెట్టి చెప్పినాడు. పుస్తకంలో ఉండాదంట.”

గానుగ జోలికి పోవద్దని చెప్పి, దొరికిన బస్సు ఎక్కాను. నేను వెళ్లేసరికి సంచి అరుగు మీద, సరిగ్గా ఆట గీతల మీదే కూర్చుని ఉంది. నార ఇచ్చే మొక్కల్లో చాలావాటికి ఆంగ్లంలో ఆ ఒక్క మాటే అంటగట్టారనీ, మన జనుము పొలంలో కలియదున్నే పచ్చిరొట్టకు పనికొచ్చేదే గాని దాని విత్తనం మనిషి కాలేయానికి చేటు చేయగలదనీ వివరించాను. ఫోనులో చెప్పిన మొక్క వేరు.

“అదేం మొక్క?” అన్నాడు శెట్టి.

“గంజాయి.”

శెట్టి ముందు వీధి వైపు చూశాడు, తరువాత సంచి వైపు. “అక్కా, నేను తెచ్చింది జనుమే. ఊరంతా చూసినారు. జనుమే.”

అత్త నవ్వడం మొదలుపెట్టింది. నవ్వితే మంట, మంటకు మూలుగు, మూలుగు మధ్యలో మళ్లీ నవ్వు. “మేకల మీద గెలవల్యాక నన్ను జైలుకు పంపేదానికి చూసినాడు పాపా.”

“నువ్వు జైలుకు పోతే నాతో ఆడేవాళ్లెవరు?” అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుని.

నవ్వు తగ్గాక అత్త అడిగింది: “అయితే ఆ మందు ఇస్తారా? ఎవరికిస్తారు?”

ఎవరైనా ఒక మాట అంటే దాని వేరు దాకా తవ్వకుండా నాకు నిద్ర పట్టదు. మత్తుమందుల చట్టం తెరిచాను. గంజాయి పూత, జిగురు నిషేధం. విడి ఆకు ఆ నిర్వచనంలోకి రాదు, దానిని రాష్ట్రాల నిబంధనలకు వదిలారు. ఆయుర్వేదం ఈ మొక్కను విజయ అంటుంది. దాని ఆకుతో చేసిన మందులను రిజిస్టరైన ఆయుర్వేద వైద్యులు చీటీ మీద రాయవచ్చు. ఏ రోగులు అర్హులన్న పట్టిక మాత్రం నాకు కనబడలేదు. అది వైద్యుల విచక్షణ. ఈ విచక్షణ అన్న మాట దగ్గరే నాకు అనుమానం పుట్టింది. ప్రకటనలు చూస్తే నిద్రలేమి మొదలు జుట్టు రాలడం దాకా అందరూ అర్హులే.

అత్తను వెంటబెట్టుకుని అనంతపురంలో ఒక ఆయుర్వేద వైద్యురాలి దగ్గరకు వెళ్లాను. అడగగానే రాసేస్తుందనీ, అప్పుడు నా ప్రశ్నలు బయటికి తీయవచ్చనీ నా ఆశ. ఆమె నన్ను పట్టించుకోలేదు.

“అవ్వా, ఈ మంటకు పెద్దాసుపత్రిలో మాత్రలిచ్చినారా?”

“ఇచ్చినారు. నిద్ర వస్తాందని పారేసినా.”

“ఎన్ని మింగినావు?”

“ఒకటి.”

“గుండెకేమన్నా వాడతాండావా?”

“నెత్తురు పల్చన అయ్యేదానికి మాత్ర మింగుతాండా.”

వైద్యురాలు కలానికి మూత పెట్టింది. మామూలు మందులు సరిగ్గా వాడినా లొంగని, చాలాకాలంగా ఉన్న నొప్పి అయితేనే తాను విజయ గురించి ఆలోచిస్తానని చెప్పింది. గుండె జబ్బు ఉన్నవాళ్లకు, మతి చెదిరిన చరిత్ర ఉన్నవాళ్లకు, గర్భిణులకు, చిన్నవయసు వాళ్లకు రాయదట. నెత్తురు పల్చబరిచే మాత్రతో కలిస్తే రక్తస్రావం కావచ్చు. ఈ వయసులో తల తిరిగి పడితే తుంటి విరుగుతుంది.

“నీకు ఇయ్యను అవ్వా. ముందు ఆ పారేసిన మాత్ర సంగతి చూడు.”

నా ప్రశ్నల్లో ఒక్కటే మిగిలింది. నరాల మంటకు ఇది పనిచేస్తుందన్న ఆధారం ఎంత గట్టిదని అడిగాను. “కొందరికి కొంత. గట్టిదని నేను చెప్పను,” అంది. మందు రాసే మనిషి నోట అంత తూచిన మాట విని, నాకు పండగ భోజనం చేసినట్టు అనిపించింది.

అత్తకు అలా అనిపించలేదు. తిరుగు బస్సులో పదిమందికీ వినబడేలా అంది: “ఏమప్పా ఇది, ఆఖరికి గంజాయికి గూడా పనికిరానా నేను?”

ముందు సీటు పెద్దమనిషి మెల్లగా వెనక్కి తిరిగాడు. నేను కిటికీ బయట మేస్తున్న గొర్రెలను శ్రద్ధగా పరిశీలించాను.

పెద్దాసుపత్రి డాక్టరు అదే మాత్రను తక్కువ మోతాదులో రాత్రిపూట మొదలుపెట్టి, మెల్లగా పెంచాడు. పైన పూయడానికి మిరపలోని కారపు సారంతో చేసిన లేపనం కూడా ఇచ్చాడు.

“మంటకు కారమా?” అంది అత్త.

“కారప్పొడి నా అంగట్లోనే ఉండాది గదక్కా,” అని శెట్టి లేవబోతే, ఆయన భుజం పట్టుకుని కూర్చోబెట్టాను.

జనుము విత్తనాలను అత్త తొలి వానకు ఇంటి వెనక చేలో చల్లించింది. అది పచ్చగా పూసే నాటికి ఆమెకు మంట చాలావరకు తగ్గింది. మాత్ర వల్లనా, లేపనం వల్లనా అంటే చెప్పలేనన్నాను. ఇలాంటి నొప్పి కాలంతో తానే తగ్గడమూ ఉంది. ఒక్క మనిషిని చూసి తేల్చడానికి వీల్లేదు.

“ఈ పాపకు తగ్గిందన్నా తంటానే,” అంది అత్త, పక్కకు దిండు ఆనించుకుని అరుగు మీద కూర్చుంటూ. కొంగు పక్కటెముకలకు తగులుతూనే ఉంది, ఆమె గమనించలేదు.

ఆట పొద్దు వాలేదాకా సాగింది. అత్త వంగి చివరి గింజ పెట్టి, చేతులు కట్టుకుంది. శెట్టి బండ మీదికి వంగి పులులను ఒక్కొక్కటే చూసుకుని, నన్ను పిలిచాడు.

“పాపా, నువ్వు ఏదీ ఊరికే ఒప్పుకోవు గదా. ఈయమ్మ గెలిచినానంటాంది. వచ్చి చూడు.”

నేను అరుగు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ప్రతి పులినీ, దాని ముందున్న ప్రతి గీతనూ, అది దూకగల ప్రతి చోటునూ వేలితో తడిమి చూశాను. తరువాత అవతలి వైపు నుంచి ఇంకోసారి చూశాను.

“యాడికీ దోవ ల్యాదు మామా,” అన్నాను. “ఇందులో అనుమానం లేదు.”